గాజు చిక్కిన క్యాన్: అక్వేరియం నీళ్ల కోసం 40 లీటర్ల డబ్బా రివ్యూ

ముందు ఈ చప్పుడు వినండి. వినిపించిందా? ఇంకోసారి ఊపుతాను. ఆ గలగల ఏంటో మధ్యలో చెప్తాను, స్కిప్ చేసి వెళ్లిపోకండి.

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం నుంచి, ఎప్పటిలాగే మా వెనక వరండాలోంచి మాట్లాడుతున్నాను. మధ్యలో హారన్లు వినిపిస్తే సర్దుకోండి, ఏడు రోడ్ల జంక్షన్ ఇక్కడికి దగ్గరే.

ఈ క్యాన్ నేను కొన్నది కాదు. అమ్మేవాళ్లే ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, "కొంచెం మంచిగా చెప్పండి మేడమ్" అని మాత్రం అన్నారు. ఇవాళ నేను చెప్పబోయేది విన్నాక వాళ్లు బాధపడతారు కాబట్టి పేరు చెప్పట్లేదు. 40 లీటర్లు, తెల్ల ప్లాస్టిక్, కింద కుళాయి, పైన బిరడా మూత. మిగతా కొలతలన్నీ అమ్మే పేజీలో ఉంటాయి, అవి చదివి మీ టైమ్ తినను. రెండు నెలలు వాడాను. దాని గురించే మాట్లాడదాం.

కొత్తవాళ్ల కోసం ఒక్క నిమిషం. నాది మూడడుగుల ట్యాంకు. 36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు. లెక్కకి దాదాపు 160 లీటర్లు. గులకరాళ్లూ, పైన వదిలే ఖాళీ తీసేస్తే 130 దాకా నీళ్లు పడతాయి. అందులో నాలుగు గోల్డ్‌ఫిష్. గోల్డ్‌ఫిష్ పెంచినవాళ్లకి తెలుసు, వాటికి తినడం, పాడుచెయ్యడం తప్ప ఇంకో పని ఉండదు. అందుకని ప్రతి ఆదివారం 30 శాతం, అంటే 40 లీటర్ల నీళ్లు తీసి కొత్తవి పోస్తాను. ఆ 40 లీటర్లు శనివారం పొద్దుటికే సిద్ధంగా ఉండాలి. కుళాయి తిప్పి నేరుగా పోసేస్తే పోదా అంటారా? నేనూ అలాగే అనుకున్నాను. మొదటి ఏడాది వానాకాలంలో, బ్లీచింగ్ వాసన గుప్పుమంటున్న నీళ్లని పైపు పెట్టి నేరుగా ట్యాంకులోకి వదిలాను. పావుగంటలో చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి కొట్టుకున్నాయి. రెండు పోయాయి. తప్పు నాదే. మనుషులకి రోగాలు రాకుండా వేసే క్లోరిన్, చేపల మొప్పల్ని కాల్చేస్తుంది.

మన దగ్గర నీళ్లలో కలిపేది మామూలుగా క్లోరినే కాబట్టి, ఒక రోజు తెరిచి ఉంచితే చాలావరకు గాల్లోకి పోతుంది. గాలి రాయి, అంటే చిన్న మోటారుతో నీళ్లలో బుడగలు వదిలే రాయి, వేస్తే ఇంకా తొందరగా పోతుంది. అమెరికా వాళ్ల వీడియోలు చూసి భయపడేవాళ్లకి ఒక మాట: అక్కడ చాలా ఊళ్లలో క్లోరమైన్ వాడతారు, అది నిలవ ఉంచినంత మాత్రాన పోదు. వాళ్లు అంతగా క్లోరిన్ విరిచే మందు చుక్కల గురించి మాట్లాడేది అందుకే. నేనూ ఒక సీసా ఉంచుకుంటాను, అర్జెంటు పడితే వేస్తాను.

సరే, క్యాన్ దగ్గరికి వద్దాం. "గాల్లోకి పోతుంది" అన్నాను కదా, ఎక్కడినుంచి పోతుంది? నీళ్ల పైభాగం నుంచి, మూతి గుండా. దీని మూతి చూడండి. మూడు అంగుళాలు. మంచినీళ్ల సీసాకి అన్న వరస. పైగా నిండుగా పోస్తే నీళ్లు మెడ దాకా వచ్చేస్తాయి, గాలి తగిలే చోటు టీ సాసరంత. మొదటి వారం ఒక రోజంతా ఉంచి వాసన చూస్తే బ్లీచింగ్ అలాగే ఉంది. గాలి రాయి దించాక గానీ పోలేదు.

ఇప్పుడు గాజు కథ. మూడో వారానికి లోపల గోడలకి పాచి పట్టింది. తెల్ల ప్లాస్టిక్ లోంచి వెలుతురు వెళ్తుంది, మా వరండాలో మధ్యాహ్నం దాకా ఎండ ఉంటుంది, ఇంక పాచికి పండగే. చెయ్యి పెట్టి పీచుతో రుద్దుదామని చూశాను. మణికట్టు దాకా వెళ్లింది. ఇంకొంచెం తోశాను. అడుగు మాత్రం అందలేదు. వెనక్కి లాగితే చేతి గాజు అంచుకి పట్టుకుని టక్కుమంది. రెండు ముక్కలు లోపల పడ్డాయి. "గాజు పగిలిపోయింది" అన్నానో లేదో, మా అత్తయ్య వంటింట్లోంచి, "పగిలింది అనకమ్మా, చిట్లింది అను" అన్నారు. సరే, చిట్లింది. చిట్లిన ఆ ముక్కల్ని ఎలా తియ్యను? తలకిందులు చేసి ఊపాను. ఒకటి పడింది. రెండోది భుజం మలుపులో చిక్కుకుని ఇప్పటికీ అక్కడే ఉంది. మీరు మొదట విన్న చప్పుడు అదే.

ఆడవాళ్ల సంగతి సరే, గాజుల్లేని మగవాళ్ల చెయ్యి పడుతుందా అని మా ఆయన్ని పెట్టమన్నాను. ముంజేయి సగంలో ఆగిపోయింది. మళ్లీ ఈ పనికి పిలవొద్దన్నారు.

లోపల కడగలేని పాత్రలో నీళ్లు ఎన్నాళ్లు నిలవ పెడతారండీ? సబ్బు వాడకూడదు, ఏమాత్రం మిగిలినా చేపలకి ప్రమాదం. కల్లుప్పు, పీచు, చెయ్యి, ఈ మూడే మన సామాను. చెయ్యే పట్టకపోతే మిగతా రెండూ దండగ. కల్లుప్పూ చిన్న గులకరాళ్లూ వేసి గిలకొట్టి చూశాను. సగం పాచి పోయింది, నా భుజం మొత్తం పోయింది.

ఇక కుళాయి. పెట్టె మీద పెద్దక్షరాలతో వేసింది దీని గురించే, కాబట్టి కొంచెం సేపు మాట్లాడాలి. చేపల పనికి ఇక్కడ కుళాయి ఎందుకు? నా ట్యాంకు రెండున్నర అడుగుల స్టాండు మీద ఉంది, పై అంచు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. కుళాయి నుంచి నీళ్లు ట్యాంకులోకి వాటంతటవే పారాలంటే క్యాన్ నాలుగడుగుల పైన ఉండాలి. లీటరు నీళ్లంటే కేజీ. 40 కేజీల క్యాన్‌ని గుండెల ఎత్తుకి ఎత్తి ఎక్కడ పెట్టను, బీరువా మీదా? కింద పెడితే కుళాయి కింద మగ్గు పట్టుకుని 40 లీటర్లూ మోసిపోయాలి. ఆ మాత్రానికి బకెట్టు చాలదా?

ఇంకోటి. కుళాయిని అడుగు నుంచి రెండు వేళ్ల ఎత్తులో పెట్టారు. మొత్తం వదిలేశాక లోపల మిగిలింది కొలిచాను, నాలుగు లీటర్లు. ఆ మడ్డి నీళ్లు క్యాన్ వంచి బిరడా మూతిలోంచి కక్కించాలి. న్యాయంగా చెప్పాలంటే దీంట్లో ఒక మంచి ఉంది. వానలప్పుడు నాగావళి ఎర్రగా పారే రోజుల్లో మా కుళాయి నీళ్లు కూడా మసకగా వస్తాయి. రాత్రంతా ఉంచితే మన్ను అడుక్కి దిగి, పైన తేరిన నీళ్లు ఉంటాయి. అప్పుడు కుళాయి కొంచెం ఎత్తులో ఉంటేనే మేలు, మన్ను కదలకుండా పైనీళ్లు వస్తాయి. కానీ దిగిన ఆ మన్ను తీసేదెలా? మళ్లీ మూతి దగ్గరికే వచ్చాం.

అందుకే నేను పంపు వాడతాను. నీళ్లలో ముంచే చిన్న పంపు. దానికి సన్నటి పైపు తగిలించి ట్యాంకు అంచుకి క్లిప్ పెడితే, నేను టీ తాగేలోపు 40 లీటర్లూ ఎక్కేస్తాయి. పంపు కొనేటప్పుడు పెట్టె మీద హెడ్ అని రాసింది చూడండి. అంటే నీళ్లని ఎంత ఎత్తుకి తోయగలదో ఆ లెక్క. రెండు మీటర్లు అని రాసుంటే సరిగ్గా రెండు మీటర్ల దగ్గర చుక్క కూడా రాదు, అది దాని ఆఖరి ఎత్తు. మీకు కావలసిన ఎత్తుకి దాదాపు రెట్టింపు ఉన్నది తీసుకోండి. ఇంతా చెప్పి ఏం లాభం, నా పంపు ఈ మూతిలో పట్టదు.

పాత సరుకు గురించి కూడా చెప్తాను, ఎందుకంటే నేను ఈ విషయంలో చెయ్యని తప్పు లేదు. మొదట 20 లీటర్ల మంచినీళ్ల బబుల్ క్యాన్లు రెండు వాడాను. అదే సన్న మూతి, అదే పాచి, పైగా ఎత్తి ఎత్తి నడుం పట్టేసింది. తర్వాత సెకండ్ హ్యాండ్ నీలం డ్రమ్ము చౌకగా వస్తుందంటే తెచ్చాను. కడిగాను, ఎండబెట్టాను, మళ్లీ కడిగాను, వాసన పోలేదు. అందులో ముందు ఏం పోశారో అమ్మినవాడికే తెలియదు. ఆ నీళ్లు ఒక్క చుక్క కూడా ట్యాంకులో పోయలేదు, ఇప్పుడు దాంట్లో పాత ఇనుప సామాను ఉంది. పాత కెమికల్ డ్రమ్ములు మాత్రం ఎవరు ఎంత చౌకగా ఇచ్చినా ముట్టుకోకండి.

మా అత్తయ్యకి ఈ గొడవంతా చిత్రంగా ఉంటుంది. "రాగి బిందె ఉంది కదమ్మా, అందులో పెడితే నీళ్లకి బలం" అంటారు. మనకి మంచిదేమో గానీ, రాగి నీళ్లలో కరిగితే చేపలకి ముప్పు, రొయ్యలకి ఇంకా ముప్పు. నా దగ్గర చిన్న ట్యాంకులో ఎర్ర చెర్రీ రొయ్యలు ఉన్నాయి, అవి రాగిని అసలు తట్టుకోలేవు. ఈ మాట చెప్తే "రొయ్యలంటే కూరకి కదా" అని నవ్వుతారు.

నేను చూసినవాటిలో అన్నిటికంటే మంచి నీళ్ల పాత్ర మాత్రం కొన్నది కాదు. పలాసలో మా అమ్మమ్మ వాళ్ల పెరట్లో సిమెంటు గోలెం ఉండేది. నడుమెత్తు, మూతి నా చేతులు చాపినంత. దోమలకి విరుగుడుగా అందులో గప్పీ చేపలు వదిలింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను, దసరాకని వెళ్లి చిక్కుకుపోయాను. కొబ్బరిచెట్లు, జీడితోటలు నేల మీద పరుచుకుపోయాయి. కరెంటు రోజుల తరబడి లేదు. ఇంట్లో నా చిన్న ట్యాంకు ఏమవుతుందో, గాలి ఆడక చేపలేమవుతాయో అని నేను టెన్షన్ పడుతుంటే, గోలెంలో గప్పీలు ఆకులు, చెత్త మధ్య హాయిగా తిరుగుతున్నాయి. వాటికి మోటారు లేదు, ఫిల్టర్ లేదు. మూతి అంత వెడల్పు ఉంటే గాలి దానంతటదే అందుతుంది. కొత్త సిమెంటు గోలెం అయితే వద్దులెండి, సున్నం వదిలి నీళ్ల పీహెచ్, అంటే క్షారగుణం, పెంచేస్తుంది. అమ్మమ్మది ఏళ్ల తరబడి నీళ్లు మారి మారి నెమ్మదించింది.

వెడల్పు మూతితో ఒక్కటే గొడవ, దోమలు. డెంగీ దోమకి శుభ్రమైన నిలవ నీళ్లే ఇష్టం, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్లు పారబోసే రోజు, అని మా వీధికి వచ్చే ఆశా కార్యకర్త ఒకసారి నీళ్లు నిలవ పెట్టే నా టబ్బులో టార్చి వేసి, "ఇదేటమ్మా, దోమల్ని కూడా పెంచుతన్నావేటి?" అంది. సిగ్గేసింది. ఆ లార్వాని వలతో తీసి గోల్డ్‌ఫిష్‌కి వేశాను, అవి మాత్రం పండగ చేసుకున్నాయి. అప్పటినుంచి మూతి మీద పాత పంచె ముక్క పరిచి ఎలాస్టిక్ బిగిస్తున్నాను. పొందూరు ఖాదీ కాదు, మా ఆయన చిరిగిన పంచె. గాలి వెళ్తుంది, క్లోరిన్ పోతుంది, దోమ దూరదు.

కాబట్టి మీరు అడిగేది ఇదే అయితే, ఏం కొనాలి అంటే, ప్లాస్టిక్ సామాను షాపుకి వెళ్లి మూతి పూర్తిగా తెరుచుకునే 60 లీటర్ల కొత్త డ్రమ్ము తీసుకోండి. అడుగున త్రికోణంలో 2 గానీ 5 గానీ ఉందేమో చూడండి. 2 అంటే హెచ్‌డీపీఈ, 5 అంటే పీపీ, రెండూ ఈ పనికి సరిపోతాయి. ముదురు రంగుదైతే పాచి తక్కువ. నీడలో పెట్టండి, మే నెలలో డాబా మీద ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. అవి రాత్రంతా ఇంట్లో ఉంటేనే అక్వేరియం వేడికి దగ్గరకొస్తాయి. కొత్త ప్లాస్టిక్ వాసన పోవడానికి రెండు రోజులు నీళ్లు నింపి పారబోయండి. డబ్బు ఇచ్చే ముందు షాపులోనే చెయ్యి లోపలికి పెట్టి అడుగు తాకండి. షాపతను ఎగాదిగా చూస్తాడు, చూడనివ్వండి.

ఈ క్యాన్‌కి నా మార్కులు పదికి మూడు. ఆ మూడూ ప్లాస్టిక్ మందానికి. కోపంలో చెప్తున్నానని అనుకుంటే అనుకోండి, గాజు నాది.

పారేయలేదు లెండి. పెరట్లో మందార మొక్క పక్కన నాలుగు ఇటుకల మీద పెట్టాను. కుళాయి సన్నగా తిప్పి వదిలేస్తే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బొట్టు బొట్టుగా తడుపుతుంది. కట్టేస్తే ఒక్క చుక్క కూడా కారదు, ఆ మాట నిజం. పంపినవాళ్లు కావాలంటే ఈ ఒక్క ముక్క కట్ చేసి వాడుకోవచ్చు.