సూట్‌కేసులో తెచ్చిన హబ్బు, నాయన తొక్కిన గేరు సైకిలు

హాయ్ అందరికీ, ఈసారి మ్యూనిక్ నుంచి కాదు, తిరుపతి నుంచి. పొద్దున నాలుగున్నర, కపిలతీర్థం రోడ్డు, ఇంకా చీకటే. వీడియోలో కుయ్యిమని ఒక మూలుగు వినిపిస్తోంది కదా, మైకు పాడవలేదు, అది నేను తొక్కుతున్న నాయన పాత సైకిలు డైనమో. ముందు తెల్లగా పోతున్న లైటు మా నాయనది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మా అన్న కొడుకు గేరు సైకిలు ఎక్కి నన్ను వెనకేసి పోతున్నాడు.

అసలు సంగతి చెప్తా. వచ్చేటప్పుడు సూట్‌కేసులో చాక్లెట్ల మధ్య ఒక డైనమో హబ్బు, అంటే చక్రం ఇరుసు దగ్గరే ఉండి లైటుకు కరెంటు పుట్టించేది, పెట్టుకొచ్చాను. జర్మనీలో రోజూ ఆఫీసుకు పోయే సైకిళ్లలో ఇది మామూలే. పాత డైనమో టైరును రాసుకుంటూ తిరుగుతుంది, అందుకే తొక్కడం బరువు, వానకు టైరు తడిస్తే అది జారుతుంది, లైటు మినుకు మినుకు. ఇది చక్రం నడిమధ్యలోనే అయస్కాంతాలు పెట్టుకుని తిరుగుతుంది, ఆరు వోల్టులు, మూడు వాట్లు, ఎల్ఈడీ లైటుకు అది చాలు.

లీలామహల్ సర్కిల్ దగ్గర మా పాత సైకిలు షాపు అన్నకు, మా అన్న కొడుకు సైకిలుకు బిగించమని ఇస్తే చేత్తో తిప్పి చూసి మొహం అదోలా పెట్టాడు. అది గుడగుడమని ఆగి ఆగి తిరుగుతుంది మరి. "బేరింగు పోయిందప్పా, మోసపోయినావు" అన్నాడు. అన్నా, అది అయస్కాంతం లాగడం, చక్రం వేగంగా తిరిగితే తెలీదు అన్నా నమ్మలేదు. సరేలే అని 32 స్పోకులు ఒక్కొక్కటే ఎక్కించి, గోటితో టింగుమని మీటి, శబ్దం తేడా వచ్చినదాన్ని కొంచెం బిగించి, మళ్లీ మీటి, ఇట్లా గంటసేపు. ఈ పనికి జర్మనీలో నేను ఎంత కట్టుకోవాలో తలుచుకుంటే ఏడుపొస్తుంది.

ఇక అలిపిరి వైపు ఎక్కుడు. నాయన పాత సైకిలుకు ముందు 44 పళ్లు, వెనక 18, నిన్న లెక్కపెట్టా. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే బండి ఐదు మీటర్ల పైనే పోవాలి, ఎక్కుడైనా సరే, దిగుడైనా సరే. అందుకే చిన్నప్పుడు అలిపిరి ముందర నాయన దిగి నెట్టుకుంటూ నడిచేవాడు, నేను వెనక క్యారియర్ మీద దర్జాగా కూర్చునేవాణ్ణి! మా అన్న కొడుకు సైకిలుకు ముందు 32, వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రానికి 42. ఒక చుట్టుకు మీటరున్నర, పోనీ 1.7. కాళ్లు గిరగిర తిరుగుతాయి, మోకాలు నొప్పి పెట్టదు.

మొదటిరోజు నాయనకు ఇది నచ్చనే లేదు. "చైను ఊడిపోయినట్టుందిరా, కాలికేమీ తగలడంలే" అని బరువు గేరులోనే తొక్కాడు. ఇప్పుడు చూడండి, టిక్ టిక్ అని రెండు మార్చుకున్నాడు. ఈ టిక్కు చిన్న విషయం కాదు. అంతకుముందు లివరును అందాజుగా జరుపుకుంటూ చైను ఎక్కడ కూర్చుందో చెవితో వినాల్సిందే; 1984లో షిమానో అనే జపాను సైకిలు భాగాల కంపెనీ వాళ్లు ఒక నొక్కుకు ఒక గేరు వచ్చేట్టు చేశారు. నన్నడిగితే బ్యాటరీ మోటరు పెట్టిన సైకిళ్లకన్నా ఇదే గొప్ప. మోటరుది కూడా బాగానే ఉంటుంది, అమ్మకు ఒకటి కొనాలి, అది వేరే వీడియో.

బ్రేకు సంగతి నిన్న వానలో తెలిసింది. పాత సైకిలు రాడ్ బ్రేకు, ఇనుప రిమ్ముకు తడి రబ్బరు, నొక్కితే ఒకటీ అరా చుట్టు అయ్యాక గానీ పట్టదు, ఒక బర్రెను తప్పించబోయి కాలితో ఆపుకున్నాను. మా అన్న కొడుకు సైకిలుదేమో డిస్కు బ్రేకు, లోపల నూనె, రెండు వేళ్లు చాలు.

జూ పార్కు రోడ్డు దాటి, చెర్లోపల్లి మీదుగా శ్రీనివాస మంగాపురం వచ్చేశాం. నాయన గుడి ముందర సైకిలు ఆపి దిగాడు, గోపురం వైపు కాదు, లైటు వైపు చూస్తున్నాడు. చక్రం ఆగినా అది వెలుగుతోంది, లోపల కరెంటు కొంచెం దాచిపెట్టే కెపాసిటర్ ఉంటుంది, కొన్ని నిమిషాలు నిలుస్తుంది.

"ఒరే, ఆర్పడం యాడ? బ్యాటరీ దండగ" అన్నాడు.

బ్యాటరీ లేదు నాయనా అంటే నమ్మలేదు. చేయి అడ్డం పెట్టుకుని, అది ఆరేదాకా అక్కడే నిలబడ్డాడు.