డెన్నిస్‌కి ఇప్పటికీ ఐదున్నరేళ్ళే

సభకు నమస్కారం.

అమెరికన్ పత్రికల కార్టూన్‌లోని అల్లరి పిల్లాడు డెన్నిస్ ది మెనాస్ అనగానే చాలామందికి పంగలకర్ర, పగిలిన కిటికీ అద్దం గుర్తొస్తాయి. నా లెక్కలో మాత్రం వాడు పగలగొట్టిన అద్దాలకన్నా బయటపెట్టిన ఇంటిగుట్లే ఎక్కువ. వాడి అల్లరంతా నోటిలోనే ఉంది.

1950 అక్టోబరులో హ్యాంక్ కెచమ్ కాలిఫోర్నియాలోని కార్మెల్‌లో ఉంటూ పత్రికలకు బొమ్మలు వేసుకుంటున్నాడు. అంతకుముందు డిస్నీలో చేసినవాడు. ఒకరోజు, పడుకోమని గదిలో వదిలిన నాలుగేళ్ళ కొడుకు ఆ గదిని కిష్కింధ చేశాడు. భార్య ఆలిస్ విసవిసా వచ్చి ‘నీ కొడుకు ఒక మెనాస్’, అంటే పెద్ద పీడ అని మొత్తుకుంది. పిల్లాడి పేరు డెన్నిస్. ఇంకేం కావాలి! 1951 మార్చి 12న 16 పత్రికల్లో కార్టూన్ మొదలైంది.

చిత్రమేమిటంటే, సరిగ్గా అదే రోజు బ్రిటన్‌లో బీనో అనే పిల్లల పత్రికలో అదే పేరుతో మరో పిడుగు దిగాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆ బ్రిటన్ వాడు కావాలనే కొంపలు ముంచుతాడు. అమెరికా వాడలా కాదు. పక్కింటి విల్సన్ గారికి సాయం చేద్దామనే వెళ్తాడు, ఆయన బీపీ పెంచి వస్తాడు.

రోజువారీ కార్టూన్‌లో ఒకటే బొమ్మ, కింద ఒకటే మాట. అసలు గొడవ చాలాసార్లు బొమ్మలో ఉండదు. ఇంటికి వచ్చినావిడ మొహంలోకి డెన్నిస్ తేరిపార చూస్తూ, ఆవిడ గురించి నాన్న ఏమన్నాడో యథాతథంగా అప్పజెప్తుంటాడు. అమ్మానాన్నల మొహాల్లో నెత్తురుచుక్క ఉండదు. తర్వాత వాడిని మూల కుర్చీలో గోడకేసి కూర్చోబెడతారు. వాడు చెప్పింది అబద్ధమని మాత్రం ఎవరూ అనరు! ఇక కెచమ్ గీత సంగతి చెప్పాలంటే, నల్లసిరా ఎక్కడ ముద్దగా దించాలో, ఎక్కడ తెల్లగా వదిలేయాలో ఆయనకు తెలిసినంతగా తెలిసినవాళ్ళు తక్కువ.

మన బుడుగు గుర్తుకు రాక మానడు. ముళ్ళపూడి వెంకటరమణ కథంతా బుడుగు నోటితోనే చెప్పించారు, మనం వాడి బుర్రలో కూర్చుని లోకాన్ని చూస్తాం. కెచమ్ మనల్ని పెద్దవాళ్ళ పక్కన నిలబెడతాడు. తండ్రి వేసిన బొమ్మ కదా.

ఆ తండ్రి సంగతే నాకు మింగుడుపడదు. 1959లో ఆలిస్ చనిపోయింది. కెచమ్ మళ్ళీ పెళ్ళి చేసుకుని జెనీవా వెళ్ళిపోయాడు, కొడుకు బోర్డింగ్ స్కూలు పాలయ్యాడు. ఆ కుర్రాడు పెద్దయ్యి వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చాడు. తండ్రీకొడుకులు దూరమైపోయారు. పత్రికలో మాత్రం ఆలిస్ పేరే పెట్టుకున్న డెన్నిస్ అమ్మ అలాగే వంటింట్లో ఉంది, డెన్నిస్‌కి ఐదున్నరేళ్ళే. నవ్వుకోవడానికి ఇవన్నీ తెలియక్కర్లేదు. తెలిశాక మాత్రం వంటింటి బొమ్మ వస్తే నేను చప్పున పేజీ తిప్పలేను.

కెచమ్ 1994లో కార్టూన్‌ని సహాయకులకు అప్పగించి, 2001లో కన్నుమూశాడు. అది ఇంకా వస్తూనే ఉంది, కాకపోతే వాడి నోరు బాగా మెత్తబడింది. చదవాలనుకుంటే 1951 నుంచి వరుసగా అచ్చువేసిన సంపుటాలున్నాయి. మొదటి దానితోనే మొదలుపెట్టండి. అందులో వాడు ఇంకా ఎవరికీ లొంగలేదు.