తలుపు తోసుకుని వెళ్ళే ఇల్లు

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ రోజు మీకు ఒక ఇంటి గురించి చెప్పాలని వచ్చాను. అమెరికాలో మినసోటా రాష్ట్రంలో నార్త్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊళ్ళో కార్ల్‌టన్ కాలేజీ ఉంది. ఆ కాలేజీకి దగ్గర్లోనే, మామూలుగా కాపురాలు ఉండే ఇల్లు ఒకటి. వంటింట్లోకి వెళితే పిండి ఉంటుంది, చక్కెర ఉంటుంది, వెన్న ఉంటుంది, గుడ్లు ఉంటాయి. ఇవన్నీ ఎవరివి? వచ్చిన పిల్లలవి. ఆ కాలేజీలో చదివే వాళ్ళెవరైనా వచ్చి ఓవెన్ వెలిగించి కుకీలు చేసుకోవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. చేసినవన్నీ మూట కట్టుకుని పోకూడదు, వెనక వచ్చేవాళ్ళకి కొన్ని ఉంచాలి. వాడిన గిన్నెలు కడిగిపెట్టాలి. అంతే.

ఆ ఇల్లు డేసీ మోసెస్ అనే ఆవిడది. ఆవిడ ప్రొఫెసర్ కాదు. అదే కాలేజీలో ఖజానా ఆఫీసులో, లైబ్రరీలో ఏళ్ళ తరబడి పనిచేసిన ఉద్యోగి. భార్యాభర్తలిద్దరూ ఇంటి తలుపు పిల్లలకి తెరిచి ఉంచేవారు. ఇల్లు గుర్తొచ్చిన పిల్లలు వచ్చేవాళ్ళు. కాఫీ తాగేవాళ్ళు, పేకాడేవాళ్ళు, కుకీలు తినేవాళ్ళు, మళ్ళీ చదువుకోవడానికి వెళ్ళిపోయేవాళ్ళు. 1981లో ఆవిడ పోయారు. పోతూ ఆ ఇంటిని కాలేజీకి ఇచ్చారు. నా తర్వాత కూడా పిల్లలు రావాలి అని. ఇప్పుడు కొందరు విద్యార్థులే ఆ ఇంట్లో ఉంటూ దాన్ని చూసుకుంటారు. ఆదివారం పూట వచ్చినవాళ్ళందరికీ టిఫిన్, భోజనం కలిపి పెడతారు.

మన ఊళ్ళల్లో ఇలాంటి ఇల్లు వీధికొకటి ఉండేది. బడి నుంచి వస్తూ పిల్లలు ఆ ఇంట్లో దూరి, డబ్బాలో జంతికలు తీసుకుని తినేవాళ్ళు. ఎవరూ అడిగేవాళ్ళు కారు. కాలేజీకి అలాంటి ఇల్లు ఉండటం మాత్రం నేను ఇంకెక్కడా వినలేదు.

నాకెలా తెలిసిందంటే, మా చెల్లెలి కూతురు అక్కడ చదివింది. సీటు వచ్చిందని చెప్పినప్పుడు మా ఇంట్లో అందరూ అడిగిన మాట, ఆ కాలేజీ పేరు ఎప్పుడూ వినలేదే అని. అది లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అని చెబితే, లిబరల్ ఆర్ట్స్ అంటే బొమ్మలు వెయ్యడమా అని కూడా అడిగారు. కాదు. భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ సైన్స్, చరిత్ర, సంగీతం అన్నీ ఉంటాయి. మొదట్లో నాలుగైదు రకాలు రుచి చూసి, తర్వాత ఒకటి ఎంచుకుంటారు. మొత్తం కాలేజీకి సుమారు 2,000 మంది విద్యార్థులు. పీజీ లేదు, డిగ్రీ ఒక్కటే. కాబట్టి ప్రొఫెసర్ల పాఠమంతా డిగ్రీ పిల్లలకే. కాలేజీకి ఆనుకుని 800 ఎకరాలకు పైగా అడవి, గడ్డి మైదానం ఉన్నాయి. శుక్రవారం నాడు పిల్లలు పువ్వులు కొని స్నేహితుల పోస్టు పెట్టెల్లో పెడతారట. ఆ సంగతి విన్నప్పుడు నాకు చాలా ముచ్చటేసింది.

సరే, అసలు కథకి వస్తాను.

మా అమ్మాయి వెళ్ళిన మొదటి టర్మ్. అక్కడ ఏడాదికి మూడు టర్మ్‌లు, ఒక్కో టర్మ్ పది వారాలు. పది వారాలే. నాలుగో వారం నడుస్తోంది. కెమిస్ట్రీ అర్థం కావడం లేదు. ఇంటికి ఫోన్ చేస్తే అంతా బాగుందమ్మా అంటోంది. ఒక రాత్రి రూమ్‌లో కూర్చోలేక, ఎవరో చెప్పిన ఈ ఇంటికి వెళ్ళింది. లోపల ఒక సీనియర్ అమ్మాయి పిండి కలుపుతోంది. రా, ఈ గిన్నె పట్టుకో అంది. ఎవరు నువ్వు అని కూడా అడగలేదట. మా పిల్ల అప్పటిదాకా ఓవెన్ ముట్టుకోలేదు. మొదటి ట్రే కాస్త మాడింది. ఇద్దరూ అవే తిన్నారు.

తింటూ ఉంటే కెమిస్ట్రీ మాట వచ్చింది. ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళావా అని అడిగింది సీనియర్. అప్పుడు మా అమ్మాయి ఏమందో తెలుసా? “అది సార్ ఆఫీసు పని చేసుకునే టైమ్ కదా, డిస్టర్బ్ చెయ్యకూడదు కదా!” అంది.

నాలుగు వారాలు అలాగే అనుకుంది. ఆఫీస్ అవర్స్ అంటే తలుపు దగ్గరికి వెళ్ళకూడని టైమ్ అనుకుంది. నిజానికి అది ఆ తలుపు తన కోసం తెరిచి ఉంచే టైమ్. వారంలో ఫలానా రోజు, ఫలానా గంటల్లో ప్రొఫెసర్ తన గదిలో కూర్చుని ఉంటారు. ఏ విద్యార్థి వచ్చినా మాట్లాడటానికే కూర్చుంటారు. ఆ సంగతి మొదటి రోజే ఇచ్చిన సిలబస్ కాగితంలో రాసి ఉంది. రాసి ఉన్నా, మన పిల్లకి అర్థమైంది వేరు.

నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పాను. మా స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర పిల్లలు నిలబడేవాళ్ళు. మే ఐ కమిన్ మేడమ్ అని. వచ్చేది అటెండెన్స్ గురించి, సంతకం గురించి. లెక్క అర్థం కాలేదు మేడమ్ అని గుమ్మం దాటినవాళ్ళు చాలా తక్కువ. డౌట్ అడిగితే తక్కువైపోతామని భయం. ఆ భయం మనం పెట్టిందే. ఆ భయమే సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన కూర్చుని అమెరికా దాకా వెళుతుంది.

మర్నాడు మా అమ్మాయి వెళ్ళింది. గది బయట అయిదు నిమిషాలు నిలబడిందట. తర్వాత తలుపు తట్టింది. నోట్సు తెరిచి, ఇక్కడిదాకా వచ్చాను సార్, ఈ మెట్టు దగ్గర ఆగిపోయాను అని చూపించింది. ఆయన కుర్చీ చూపించి, కాగితం తీసుకుని, ఆ మెట్టు నుంచే మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలు. “పెద్దమ్మా, మొదటి వారమే వెళ్ళి ఉంటే ఎంత బాగుండేది” అంది నాతో.

అందుకే ఈ రోజు నేను చెప్పదలుచుకున్న మాట ఇదొక్కటే. పిల్లల్ని పైచదువులకి పంపుతున్నవాళ్ళు, వెళుతున్న పిల్లలు వినండి. అమెరికా అయినా సరే, మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఉన్న క్రియా విశ్వవిద్యాలయం అయినా సరే, మీ ఊరి డిగ్రీ కాలేజీ అయినా సరే. మొదటి రెండు వారాల్లోనే ప్రతి టీచర్ దగ్గరికీ ఒక్కసారి వెళ్ళండి. డౌట్ లేకపోయినా వెళ్ళండి. పేరు చెప్పండి, ఈ సబ్జెక్ట్ ఎందుకు తీసుకున్నారో చెప్పండి. అయిదు నిమిషాలు చాలు. ఒకసారి దాటిన గుమ్మం రెండోసారి భయపెట్టదు. అయిదో వారంలో నిజంగా డౌట్ వచ్చినప్పుడు వెళ్ళడం తేలికవుతుంది. పది వారాల చదువులో మూడు వారాలు మొహమాటానికి పోతే మిగిలేది ఏడు. వెళ్ళేటప్పుడు ఏమీ అర్థం కాలేదు అనకండి. ఎక్కడిదాకా అర్థమైందో చూపించండి. నోట్సు చేతిలో ఉండాలి.

మన కాలేజీల్లో పనిచేసే లెక్చరర్లకి కూడా ఒక విన్నపం. మీ గది తలుపు మీద ఒక కాగితం అంటించండి. మంగళవారం మూడు నుంచి నాలుగు, ఎవరైనా రావచ్చు, అని తెలుగులో రాసి పెట్టండి. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఆ పని చెయ్యలేదు. చెయ్యాల్సింది.

ఆ ఇంటి కథలో ఇంకో ముక్క ఉంది. రెండో ఏడాది దీపావళికి మా అమ్మాయి అదే వంటింట్లో గవ్వలు చేసింది. మైదా ఉంది, వెన్న ఉంది, చక్కెర ఉంది. నూనె తను కొనుక్కెళ్ళింది. గవ్వల పీట లేదు కదా, ఫోర్కు వెనకవైపు పిండి నొక్కి చుట్టింది. ఆ రాత్రి కొత్తగా చేరిన కుర్రాడొకడు వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాడట, లోపలికి రావాలా వద్దా అని. రా, ఈ ఫోర్కు పట్టుకో అంది మా అమ్మాయి.

సమయం అయిపోయింది. ఇంటికి ఫోన్ వచ్చినప్పుడు తిన్నావా అని తప్పకుండా అడగండి. ఆ వెంటనే, ఈ వారం ఎవరి గదికి వెళ్ళి మాట్లాడావు అని కూడా అడగండి. సెలవు. నమస్కారం.