60 వేల లోపు ఎడిటింగ్ ల్యాప్‌టాప్: ఐ7 స్టిక్కర్ చూసి కొనకండి

(తెర మీద: రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన. రెండింటిలో ఒకే క్లిప్, ఒకే టైమ్‌లైన్.)

"అన్నా, ఐ7 తీసుకున్నా, 16 జీబీ ర్యామ్ ఉంది, అయినా ప్లే నొక్కితే ఆగి ఆగి వస్తోంది." ఇలాంటి కామెంట్ లేని వీడియో లేదు. దాని కిందే ఇంకొకరి సమాధానం: "గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాల్సింది బ్రో, లక్ష లేకపోతే ఎడిటింగ్ మర్చిపో."

ఈ రెండో మాట చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. దాన్ని నమ్మి ఇంట్లో చీటీ పాడించి, మిగతాది ఈఎంఐ పెట్టించి కొన్న పిల్లలున్నారు. వాళ్లు చేసేదేమో ఫోన్‌తో తీసిన షార్ట్‌ఫిల్మ్, కాలేజీ ఫెస్ట్ వీడియో, వారానికో యూట్యూబ్ వీడియో. దానికి లక్ష అక్కర్లేదు. అసలు ఈ లాగ్, అంటే ఆగి ఆగి రావడం, ఎందుకు వస్తుందో తెలిస్తే ఎంత పెట్టాలో మీకే అర్థమవుతుంది.

ర్యామ్ అంటే ఏంటి, ఎస్ఎస్‌డీ అంటే ఏంటి అని మొదలుపెట్టను, అవి మీకు తెలుసు. నేరుగా క్లిప్‌లోకి వెళ్దాం.

ఒక 4కే ఫ్రేమ్‌లో దాదాపు 83 లక్షల పిక్సెళ్లుంటాయి. ఒక్కో పిక్సెల్‌కి మూడు బైట్లు వేసుకుంటే ఫ్రేమ్ ఒక్కటే 25 ఎంబీ. సెకనుకు 30 ఫ్రేములు, నిమిషానికి 60 సెకన్లు. లెక్క వేస్తే నిమిషం వీడియోకి 45 జీబీ దాకా రావాలి. మరి ఐఫోన్‌లో 4కే, 30 ఫ్రేముల వీడియో నిమిషానికి ఎంత తీసుకుంటుంది? యాపిల్ చెప్పే లెక్క ప్రకారం సుమారు 170 ఎంబీ. మిగతాదంతా ఎక్కడికి పోయింది?

(తెర మీద: ఎర్ర అట్ట ఖాతా పుస్తకం. మొదటి పేజీ దగ్గరగా.)

మీ వీధి చివర కిరాణా కొట్టు ఖాతా పుస్తకం గుర్తు తెచ్చుకోండి. ఒకటో తారీఖున కొట్టాయన మీ ఇంటి బాకీ మొత్తం రాస్తాడు: 2,340. రెండో తారీఖున మళ్లీ మొత్తం రాయడు. "నూనె ప్యాకెట్, 160" అంతే. మూడో తారీఖున మీరు ఏమీ కొనలేదు, ఆ రోజు ఖాళీ. నాలుగున "500 జమ". ఇలా మారినదొక్కటే రాస్తూ పోతాడు. అందుకే నెల మొత్తం ఒక్క పేజీలో పడుతుంది.

మీ ఫోన్ వీడియో తీసేది సరిగ్గా ఇలాగే. వీడియోని కుదించి రాసే పద్ధతులు హెచ్.264, హెచ్.265. వీటిలో ఏదైనా సూత్రం ఒకటే. అప్పుడప్పుడు ఒక ఫ్రేమ్‌ని పూర్తిగా రాస్తుంది, అది ఒకటో తారీఖు బాకీ. ఫోన్లలో సాధారణంగా సెకనుకో, అటూ ఇటూగానో ఇలాంటిది ఒకటి వస్తుంది. మధ్యలో ఉన్న ఫ్రేములన్నీ మార్పులు మాత్రమే. వెనక గోడ కదల్లేదు, దాని గురించి రాయదు. చెయ్యి కదిలింది, అది రాస్తుంది.

ఇప్పుడు కొట్టు దగ్గరకెళ్లి, "పదిహేడో తారీఖు నాటికి మా బాకీ ఎంత?" అని అడగండి. ఆ పేజీలో ఆ అంకె ఎక్కడా లేదు. ఒకటో తారీఖు నుంచి కూడుకుంటూ, తీసేసుకుంటూ రావాలి. వెంటనే "పదహారుకి ఎంత? పదిహేనుకి?" అని వెనక్కి అడుగుతూ పోతే ఆయన విసుక్కోడా?

టైమ్‌లైన్ మీద ప్లేహెడ్ (ఏ ఫ్రేమ్ దగ్గరున్నామో చూపే గీత) పట్టుకుని వెనక్కి లాగుతున్నప్పుడు మీరు చేస్తున్నది అదే. సినిమా చూసేటప్పుడు లాగ్ ఎందుకు రాదంటే అక్కడ ఒకటో తారీఖు నుంచి వరసగా చదువుకుంటూ పోతాం. ఎడిటింగ్‌లో అక్కడో ఫ్రేమ్, ఇక్కడో ఫ్రేమ్ కావాలి. పైగా రెండు క్లిప్పులు ఒకదాని మీద ఒకటి పెడితే రెండు ఖాతాలు ఒకేసారి లెక్క కట్టాలి. "యూట్యూబ్‌లో 4కే బాగానే ప్లే అవుతోంది కదా, ఎడిటింగ్‌లో ఏమైంది?" అని అడిగేవాళ్లకి ఇదే జవాబు.

హెచ్.265 ఇంకా పొదుపు. ఇంకా తక్కువ చోటులో రాస్తుంది, కాబట్టి లెక్క ఇంకా చిక్కుగా ఉంటుంది. ఈ కాలం ఫోన్లు చాలావరకు 4కే వీడియోకి, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా పట్టే) వీడియోకి దాన్నే వాడతాయి. ఫోన్‌లో జాగా మిగులుతుంది, ల్యాప్‌టాప్‌కి పని పెరుగుతుంది.

సరే, ఆ లెక్క కట్టేదెవరు? ఇక్కడే అసలు విషయం ఉంది.

ప్రాసెసర్‌లోని మామూలు కోర్లు కట్టగలవు. కానీ వాటికి వేరే పనులున్నాయి: కలర్, ఎఫెక్టులు, టైటిళ్లు. అందుకే చిప్‌లోనే ఒక మూల ఈ ఖాతా కోసమే ఒక గుమాస్తాని కూర్చోబెడతారు. ఇంటెల్‌లో అతని పేరు క్విక్ సింక్. 2011 నుంచీ ఉన్నాడు. ఎన్‌విడియా కార్డుల్లో ఎన్‌వీడెక్ అంటారు. ఏఎమ్‌డీలోనూ, యాపిల్ చిప్పుల్లోనూ ఇలాంటివాళ్లున్నారు. ఈ గుమాస్తాకి మీ క్లిప్ రాసిన పద్ధతి తెలిస్తే ప్రాసెసర్ చల్లగా కూర్చుంటుంది. తెలియకపోతే ఐ7 అయినా, ఐ9 అయినా కోర్లే చెమటోడ్చాలి.

గుమాస్తాకి ఏమేం చదవడం వచ్చో చూడండి. ఇంటెల్‌లో 7వ తరం నుంచి 10-బిట్ (రంగుల ఛాయలు ఎక్కువగా ఉండే) హెచ్.265 వచ్చు. ఫోన్ హెచ్‌డీఆర్ వీడియోకి అది చాలు. ఇంకో రకం ఉంది, 4:2:2 10-బిట్, అంటే రంగు వివరం ఇంకా ఎక్కువగా దాచేది. కొత్త సోనీ, కెనాన్ కెమెరాల్లో ఉంటుంది. పెళ్లి వీడియోలకి పార్ట్ టైమ్ వెళ్లే పిల్లలకి ఈ క్లిప్పులు బాగా తగులుతాయి. హెచ్.265లో ఉన్న 4:2:2ని ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ అనే బిల్ట్-ఇన్ గ్రాఫిక్స్ ఉన్న 11వ తరం ల్యాప్‌టాప్ హార్డ్‌వేర్‌లోనే చదువుతుంది. ఎన్‌విడియాకి ఆ చదువు వచ్చింది 2025లో, ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే. అంటే ఆ ఒక్క పనిలో, ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్‌తో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3050 ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ కంటే 11వ తరం ఐ5 ఉన్న సెకండ్ హ్యాండ్ ఆఫీసు ల్యాప్‌టాప్ మెరుగ్గా నడుస్తుంది. ధర కూడా తక్కువే. ఈ మాట షాపులో ఎవరైనా మీకు చెప్పారా?

ఇప్పుడు స్టిక్కర్ సంగతి. ఐ5, ఐ7 అన్న అంకె కంటే పేరు చివరి అక్షరం ముఖ్యం. ఐ7-1255యు తీసుకోండి. చివర యు ఉంది, అంటే 15 వాట్ల చిప్, అందులో బరువైన పనులు చేసే పెద్ద కోర్లు రెండే. ఐ5-12450హెచ్‌లో చివర హెచ్ ఉంది, 45 వాట్లు, పెద్ద కోర్లు నాలుగు. పది నిమిషాల వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి పక్కన కూర్చుంటే, చాలాసార్లు చిన్న అంకె ఉన్న ఆ ఐ5 ముందు పూర్తిచేస్తుంది. షాపులో మాత్రం ఐ7 స్టిక్కర్ ఉన్నదాన్నే ముందు చూపిస్తారు.

ఏఎమ్‌డీలో ఇంకా జాగ్రత్త. రైజెన్ 7000 సిరీస్‌లో మూడో అంకె చూడండి. 7520యులో మూడో అంకె 2, అంటే 2019 నాటి జెన్ 2 డిజైన్, నాలుగు కోర్లు. 7530యులో 3, అంటే జెన్ 3, ఆరు కోర్లు. రెండింటి మీదా "రైజెన్ 5, 7000 సిరీస్" అనే ఉంటుంది. ధరలో తేడా కొద్దిగానే, పనిలో తేడా మాత్రం చాలా. ఇది కొనేవాళ్లని మోసం చేసే పేరు పెట్టడమే, నేనింకో మాట వాడను.

(తెర మీద: 7520యు, 7530యు పక్కపక్కన. మూడో అంకె చుట్టూ ఎర్ర గుండ్రం.)

ర్యామ్ దగ్గరకొద్దాం. గుమాస్తా ఎంత చురుకైనవాడైనా బల్ల మీద పుస్తకాలు పరుచుకునే చోటు ఉండాలి కదా. 8 జీబీ అంటే చాలా ఇరుకు బల్ల. విండోస్, బ్రౌజర్ కలిసి సగం ఆక్రమిస్తాయి. 16 జీబీ ఉండాలి. అది కూడా వీలైతే రెండు 8 జీబీ స్టిక్కులుగా. బిల్ట్-ఇన్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఐరిస్ ఎక్స్‌ఈ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒకే స్టిక్ ఉంటే విండోస్‌లో దాని పేరే ఐరిస్ ఎక్స్‌ఈ అని కాకుండా యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని కనిపిస్తుంది. షాపులోనే డివైస్ మేనేజర్ తెరిచి చూసుకోవచ్చు.

"ముందు 8 జీబీ కొని తర్వాత వేయించుకుంటా" అనేవాళ్లకి రెండు మాటలు. ఒకటి, ఖాళీ స్లాట్ ఉందో, ర్యామ్ బోర్డుకే అతికించేశారో ముందే అడగండి. అతికించేస్తే ఇక అంతే. రెండు, 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇదివరకటిలా తర్వాత చవగ్గా వేయించుకోవచ్చన్న లెక్క ఇప్పుడు కుదరడం లేదు.

ఇక నేను అందరికంటే గట్టిగా చెప్పే విషయం. మీ దగ్గర ఇప్పటికే ల్యాప్‌టాప్ ఉంటే, కొత్తది కొనేముందు ప్రాక్సీలు వాడి చూడండి.

ప్రాక్సీ అంటే, కొట్టాయన పక్కన ఇంకో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, ఏ రోజుకారోజు బాకీ మొత్తం రాసేసుకోవడం. పదిహేడు అంటే పదిహేడో పేజీ తీస్తే చాలు, కూడికల్లేవు. మీ 4కే క్లిప్‌కి 1080 లేదా 720 సైజులో ఒక నకలు చేయించండి. ప్రోరెస్ ప్రాక్సీ గానీ డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ గానీ ఎంచుకోండి, వాటిలో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో అయితే క్లిప్ మీద రైట్ క్లిక్ చేస్తే ప్రాక్సీ, క్రియేట్ ప్రాక్సీస్. డావించీ రిజాల్వ్‌లో జనరేట్ ప్రాక్సీ మీడియా, ఉచిత వెర్షన్‌లోనూ ఉంది. రాత్రి పెట్టి పడుకోండి, పొద్దున్నకి సిద్ధంగా ఉంటాయి. ఎడిటింగ్ అంతా నకలు మీద చేస్తారు, ఎక్స్‌పోర్ట్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అసలు క్లిప్పులనే తీసుకుంటుంది. క్వాలిటీ తగ్గదు. ఎస్ఎస్‌డీలో కొంచెం చోటు పోతుంది, ప్రాజెక్ట్ అయ్యాక ఆ ఫోల్డర్ తీసేయండి.

పాత ఐ5తో ప్రాక్సీల మీద డిగ్రీ మూడేళ్లూ ఎడిటింగ్ చేసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. అయినా కొనమని చెప్పే వీడియోలే ఎక్కువ, ఇది చెప్పేవి తక్కువ. అదే నా బాధ.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

స్క్రీన్. 60 వేల లోపు కొత్త ల్యాప్‌టాప్‌ల వివరాల్లో "45% ఎన్‌టీఎస్‌సీ" అని కనిపిస్తే, ఎస్ఆర్‌జీబీ (వెబ్ వీడియోలకి మామూలుగా వాడే రంగుల కొలత) రంగుల్లో మూడో వంతుకి పైగా ఆ తెర మీద కనిపించవన్నట్టు. పసుపు చీర పాలిపోయినట్టుంటుందని మీరు రంగు పెంచుతారు, తీరా ఫోన్‌లో చూస్తే కళ్లు చెదిరిపోతాయి. "100% ఎస్ఆర్‌జీబీ" గానీ "72% ఎన్‌టీఎస్‌సీ" గానీ ఉన్నది దొరికితే మంచిది. దొరక్కపోతే కలర్ చేశాక ఓసారి మంచి ఫోన్‌లో చూసుకోండి.

స్టోరేజ్: 512 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం ఎస్ఎస్‌డీ), ఖాళీగా రెండో స్లాట్ ఉంటే మరీ మంచిది.

గేమింగ్ ల్యాప్‌టాప్: త్రీడీ, బ్లెండర్, బరువైన ఎఫెక్టులు చేసేవాళ్లకి తప్పకుండా పనికొస్తుంది. కాకపోతే చార్జర్ తీసేస్తే వేగం బాగా పడిపోతుంది. లైబ్రరీలో కూర్చుని చేసుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

మ్యాక్‌బుక్: 2020 నాటి ఎం1 ఎయిర్‌లో కూడా గుమాస్తా చాలా చురుకు. కానీ చాలావరకు 8 జీబీవే దొరుకుతాయి, తర్వాత పెంచలేం. 16 జీబీది సెకండ్ హ్యాండ్‌లో బడ్జెట్‌లో వస్తే కళ్లు మూసుకుని తీసుకోండి.

సెకండ్ హ్యాండ్: సికింద్రాబాద్ సీటీసీలో, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఇంకా ఆన్‌లైన్‌లో కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటి ఆఫీసు ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి. 8వ తరం కంటే పాత ఇంటెల్ వద్దు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఆ పాత ఇంటెల్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. 11వ తరం అయితే నిశ్చింత. బ్యాటరీ రిపోర్ట్ తీయించి, డిజైన్ కెపాసిటీకీ ఇప్పటి ఫుల్ చార్జ్ కెపాసిటీకీ ఉన్న తేడా చూడండి. బిల్లు, షాపు వారంటీ కాగితం మీద రాయించుకోండి, నోటి మాట వద్దు.

కొనేముందు చేయాల్సింది ఒకటుంది. మీ ఫోన్‌తో తీసిన 4కే క్లిప్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. షాపు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి ప్లే చేయండి. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ మీద నొక్కండి. "వీడియో డీకోడ్" అనో, కొన్నిటిలో "వీడియో కోడెక్" అనో చిన్న గ్రాఫ్ ఉంటుంది. ప్లే చేస్తున్నప్పుడు అది పైకి లేచి, సీపీయూ శాతం కిందే ఉంటే గుమాస్తా పనిలో ఉన్నట్టు. ఆ గ్రాఫ్ చదునుగా ఉండి సీపీయూ ఎనభై, తొంభై దాటితే ఆ మెషీన్ వదిలేసి పక్కదానికి వెళ్లండి.

(తెర మీద: వీడియో డీకోడ్ గ్రాఫ్, మొదట చదునుగా ఉన్నది, తర్వాత లేచినది.)

మీ బడ్జెట్, షాపువాళ్లు చూపించిన మోడల్ పూర్తి నంబరు, మీరు ఏ ఫోన్‌తో లేదా ఏ కెమెరాతో తీస్తున్నారో ఈ మూడూ కామెంట్‌లో పెట్టండి. చూసి చెబుతాను. ఉత్తగా "ఐ5 ఆ, ఐ7 ఆ?" అని అడిగితే మాత్రం మోడల్ నంబరు మళ్లీ అడుగుతాను.