ఇంగ్లీషు వచ్చిన పిల్ల నోరు విప్పదేం?

శ్రోతలకు నమస్కారం. దక్షిణ ఒడిశాలోని గుణుపూర్, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల తెలుగు తల్లిదండ్రుల నోట తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: "మా పిల్లకు మార్కులు బాగానే వస్తాయి, ఇంగ్లీషులో మాత్రం నోరు విప్పదు." ఆ వెంటనే, పిల్లకు ఆసక్తి లేదని తీర్పు కూడా చెప్పేస్తారు. ఆ తీర్పుతో నాకు పేచీ ఉంది. భువనేశ్వర్‌లోనో విశాఖపట్నంలోనో ఉద్యోగం చేయాలని కలలు కనే పిల్లకు ఇంగ్లీషు మీద ఆసక్తి లేకపోవడమేమిటి? ఆసక్తి ఉంది. లేనిదల్లా ఆ క్షణంలో, ఆ మనుషుల ఎదుట మాట్లాడడానికి సంసిద్ధత.

నేనెరిగిన ఒక పదో తరగతి అమ్మాయి గుణుపూర్ వారపు సంతలో తండ్రి పక్కన కూర్చొని ప్లాస్టిక్ సామాను అమ్ముతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. కొండ దిగి వచ్చిన సవర ఆడవాళ్ళు బిందె చేతిలోకి తీసుకొని ధర అడిగితే, ఆమె సగం ఒడియాలో, నాలుగు సవర ముక్కలతో, మిగిలినది వేళ్ళతో చెబుతుంది. ఆమె పలికే తీరుకు వాళ్ళు పకపకా నవ్వుతారు, సరైన మాట అందిస్తారు. ఆమె ఆ మాటనే పట్టుకొని బేరం సాగిస్తుంది. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవరలతో మాట్లాడి మాట్లాడే వారి భాష పట్టుకున్న సీమ కదా ఇది!

అదే అమ్మాయిని మర్నాడు ఇంగ్లీషు తరగతిలో నిన్న ఏం చేశావని అడిగారు. "ఐ గో..." అని ఆరంభించిందో లేదో, "గో కాదు, వెంట్" అనే మాట మీద పడింది, వెనక బెంచీ నవ్వింది, ఆమె కూర్చుండిపోయింది. "ఏమ్మా, సంతలో ధైర్యమంతా ఏమైంది?" అని నేను తరువాత అడిగితే, "సంతలో నవ్వితే బేరం కుదురుతుంది సార్, క్లాసులో నవ్వితే మరి నోరు పెగలదు" అంది.

1998లో మెకింటైర్, క్లెమెంట్, డోర్నియె, నోయెల్స్ అనే నలుగురు పరిశోధకులు ఈ సంసిద్ధతను ఆరు అంతస్తుల పిరమిడ్‌గా చిత్రించారు. అన్నీ వివరించే వ్యవధి లేదు. పైనుంచి మూడో అంతస్తులో రెండే ఉన్నాయి: ఫలానా మనిషితో మాట్లాడాలనే కోరిక, ఇప్పుడు నేను మాట్లాడగలననే నమ్మకం. సంతలో ఆ రెండూ ఉన్నాయి, తరగతిలో ఆ రెండూ లేవు. భాష రాకపోవడమే కారణమనడానికీ లేదు, ఆమెకు సవర కంటే ఇంగ్లీషే ఎక్కువ వచ్చు.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి: ఆగండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల నాటి సైన్సు తరగతులను పరిశీలించి, ప్రశ్న వేసిన ఉపాధ్యాయులు ఇంచుమించు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారనీ, 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయనీ చూపారు. మూడు సెకన్లు! తెలుగులో తలచి, ఒడియా మీదుగా ఇంగ్లీషుకు చేరే పిల్లకు ఇంకొంచెం ఎక్కువే కావాలి. వాక్యం పూర్తయ్యేదాకా దిద్దకండి, పూర్తయ్యాక కూడా "ఓహో, యూ వెంట్ టు ద మార్కెట్? వాట్ డిడ్ యూ సెల్?" అని సరైన రూపాన్ని మీ ప్రశ్నలోనే వినిపించండి. తప్పక దిద్దవలసిన తప్పులను, ఎవరి పేరూ ఎత్తకుండా, పీరియడ్ చివర బోర్డు మీద రాసి అందరిచేతా దిద్దించవచ్చు.