కెఫీన్ పట్టు కండరం మీదా, నరం మీదా?

[తెర: చాచిన చేతివేళ్లు సన్నగా వణుకుతున్నాయి. క్లోజప్]

వ్యాఖ్యాత: చిక్కటి కాఫీ వరసగా రెండు కప్పులు పడితే కొందరి వేళ్లు ఇలా వణుకుతాయి. కండరంలో ఏదో జరుగుతోందనుకుంటాం. అసలు కథ పైన, మెదడులో నడుస్తోంది.

[యానిమేషన్: నాడీకణం, దాని మీద రిసెప్టర్లు]

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటుంది. అది నాడీకణాల మీద ఉండే ఏ1, ఏ2ఏ అనే రిసెప్టర్లకు, అంటే రసాయనాలు వచ్చి కూర్చునే సీట్లకు, అతుక్కుని నాడీకణాల జోరు తగ్గిస్తుంది. మగత అలా వస్తుంది. కెఫీన్ అణువుకి అడినోసిన్ పోలికలున్నాయి. వెళ్లి అదే రిసెప్టర్‌లో కూర్చుంటుంది, పని మాత్రం చేయదు. సీట్లో కర్చీఫ్ వేసినట్టే. బయట అడినోసిన్ అలాగే కాచుకుని ఉంటుంది కాబట్టి, కెఫీన్ దిగిపోయాక నిద్ర ముంచుకొస్తుంది. ఈలోగా అడ్రినలిన్ పెరుగుతుంది. గుండెదడ, వేళ్ల వణుకు దాని వల్లే. చేతులు వణికే జబ్బు ముందే ఉన్నవారికి ఇది ఇంకాస్త ఎక్కువ.

[తెర: ద్రావణంలో వేలాడుతున్న కండరపు పోగు, కొనకు బలాన్ని కొలిచే పరికరం]

మరి కండరం? ల్యాబ్‌లో పోగును గాఢమైన కెఫీన్ ద్రావణంలో ముంచితే, నరం నుంచి సంకేతం రాకుండానే ముడుచుకుంటుంది. లోపలి కాల్షియం సంచులకు రయనోడిన్ రిసెప్టర్లే తలుపులు. కెఫీన్ వాటిని తెరిపిస్తుంది. మత్తుమందు పడక కండరాలు బిగుసుకుని ఒళ్లు కాలిపోయే మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియాను గుర్తించే పరీక్షకి ఇదే ఆధారం.

ఇది చూపించి 'కెఫీన్ కండరానికి నేరుగా బలం' అనేవాళ్లున్నారు. లెక్క చూడండి. అందుకు కావలసింది మిల్లీమోలార్ గాఢత. 1 మిల్లీమోలార్ అంటే లీటరుకు 194 మిల్లీగ్రాములు. ఒక కప్పు కాఫీతో రక్తంలో చేరేది లీటరుకు సుమారు 2. అదే 80 దాటితే ప్రాణానికే ముప్పు. మనిషి తట్టుకునే మోతాదులో కనిపించే లాభం చాలావరకు నాడీవ్యవస్థదే: అలసట, నొప్పి తక్కువగా తెలుస్తాయి, ఇంకో నాలుగు అడుగులు పరుగెత్తగలం.

[తెర: 60 కిలోలు × 3 = 180 మి.గ్రా.]

వ్యాయామానికి గంట ముందు, కిలో బరువుకు 3 నుంచి 6 మిల్లీగ్రాములు. మొదలుపెట్టేవారికి 3 చాలు. 9కి వెళ్తే అదనపు లాభం రాదు, వణుకు, కడుపులో తిప్పడం మిగులుతాయి. ఆరోగ్యవంతులైన పెద్దలకు యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన హద్దు ఒకేసారి 200, రోజంతా కలిపి 400. గర్భిణులకైతే రోజుకు 200.

తీసుకున్న కెఫీన్‌లో సగం కరగడానికి దాదాపు 5 గంటలు. సాయంత్రం 5కి 200 తీసుకుంటే రాత్రి 10కి ఇంకా 100 ఒంట్లోనే. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఇంకా నెమ్మది, పొగతాగేవారిలో వేగం.

[తెర: చెంచా, పక్కన మిల్లీగ్రాముల తూనిక]

స్వచ్ఛమైన కెఫీన్ పొడిని చెంచాతో కొలవద్దు. ఒక్కసారిగా 1,200 మిల్లీగ్రాములు పడితే ఫిట్స్ రావచ్చు. అది అర టీస్పూన్ కంటే తక్కువే.