వేళ్ళకు తెలిసిన దారి

శ్రోతలకు నమస్కారం. మీకు అందుబాటులో ఒక కాగితం ఉంటే, నాలుగు అంచులూ సమానంగా ఉండే చదరంగా కత్తిరించి పక్కన పెట్టుకోండి. చివరలో దానితో పని ఉంది.

నాకు చూపు ఒక్కరోజులో పోలేదు. గ్లకోమా, అంటే పెద్దలు నీటికాసులు అనే జబ్బు, చాలామందిలో ముందుగా పక్కచూపును హరిస్తుంది. ఎదురుగా ఉన్నది స్పష్టంగానే కనిపిస్తూ ఉంటుంది కనుక పోతున్నదేమిటో మనకు తెలియదు. కంటి నుంచి మెదడుకు వెళ్ళే నరం దెబ్బతిన్నాక మళ్ళీ బాగుపడదు. మిగిలిన చూపును కాపాడటం వరకే వైద్యుల చేతుల్లో ఉంటుంది. నేను ఆలస్యంగా వెళ్ళాను. మీరు ఆలస్యం చేయకండి, కంటి ఒత్తిడిని పరీక్ష చేయించుకోండి.

ఆ తరువాతి ఏడాది నన్ను అన్నిటికంటే ఎక్కువగా కుంగదీసింది చేతులకు పని లేకపోవడం. మంచినీళ్ళ గ్లాసు ఎవరో తెచ్చి చేతిలో పెట్టేవారు, చొక్కా గుండీలు ఎవరో పెట్టేవారు, మెట్ల దగ్గర ఎవరో చెయ్యి పట్టుకునేవారు. అందరూ ప్రేమతోనే చేశారు. అయినా పొద్దస్తమానం పుచ్చుకోవడమే తప్ప తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదన్న బాధ నన్ను మాట్లాడనిచ్చేది కాదు.

అటువంటి రోజుల్లో పదేళ్ళ మా మేనకోడలు కాగితంతో కొంగను చేయడం నేర్చుకుని, నాకు నేర్పుతానని పట్టుబట్టింది. ఈ విద్యకు జపాను భాషలో ఓరిగామి అని పేరు. ఓరి అంటే మడవడం, కామి అంటే కాగితం. అకిరా యోషిజావా అనే జపాను కళాకారుడు గీతలతో, బాణాలతో మడతలను చూపే ఒక పద్ధతిని రూపొందించి, 1954లో వెలువడిన తన పుస్తకంలో దాన్ని వాడాడు. నేటి పుస్తకాల్లో కనిపించే బొమ్మల భాషకు అదే ఆధారం. భాష రానివారు కూడా ఆ గీతలు చూసి కొంగను చేయగలరు. కానీ చూపు లేనివాడికి ఆ పేజీ ఉత్త నున్నటి కాగితమే.

"మామయ్యా, ఈ మూలను అక్కడికి తీసుకురా" అంది పిల్ల. "అక్కడికంటే ఎక్కడికమ్మా?" అన్నాను. తను కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత నా వేలు పట్టుకుని చూపించబోయి, ఎందుకో మానేసి, మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టింది. "నీ పొట్టకు దగ్గరగా ఉన్న మూలను దూరంగా ఉన్న మూలమీద పెట్టు. రెండు మూలలూ కలిశాయా? ఇప్పుడు గోటితో గీయి." గోటి కింద కాగితం సన్నగా పలికింది. మడత విప్పి వేలు నడిపితే, ఒక మూల నుంచి ఎదుటి మూల దాకా సన్నని గట్టు తగిలింది. చాలా నెలల తరువాత, నా చేతులతో నేనే వేసుకున్న గీత అది.

అప్పుడు నాకు అర్థమైన విషయాన్నే మీకు చెప్పాలని ఈ రోజు వచ్చాను. కాగితం మడతలో చాలా పనులు అంచును అంచుతోనో, మూలను మూలతోనో, లేదా అంతకుముందు వేసిన గీతతోనో కలపడమే. అంచులు కలిశాయో లేదో చెప్పడంలో నా వేలికొన కంటికేమీ తీసిపోదు. ఒక్కసారి వేసిన గీత చెరిగిపోదు, తరువాతి మెట్టుకు అదే గుర్తుగా నిలుస్తుంది. నేను చదివేసిన బ్రెయిలీ పేజీలతోనే అభ్యాసం చేశాను. ఆ కాగితం మందం కనుక చిన్న మడతలకు మొండికేస్తుంది. అయితే ఒక వైపు చుక్కలు పొంగి, మరో వైపు గుంటలు పడి ఉండటం వల్ల ఏది లోపలి వైపో, ఏది బయటి వైపో వేళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. మూడేళ్ళ వయసులో గాయపడి చూపు కోల్పోయిన లూయీ బ్రెయిలీ 1824 నాటికి, పదిహేనేళ్ళకే, ఈ చుక్కల లిపిని చాలావరకు సిద్ధం చేశాడు. ఆ చుక్కలు రెండోసారి నాకు ఇలా ఉపయోగపడ్డాయి.

కొంగ చేయడానికి నాకు వారాలు పట్టింది. సన్నని మెడను లోపలికి తిప్పే చోట ఎన్ని కాగితాలు చిరిగాయో! జపానులో సబురో కాసె అనే అంధ కళాకారుడు స్పర్శతోనే మడతలు వేస్తూ, దేశదేశాలు తిరిగి పిల్లలకు ఈ విద్య నేర్పాడని విన్నప్పుడు నాకు ధైర్యం వచ్చింది. చూపు లేనివాడు నేర్చుకోవడం ఒక ఎత్తు, చూపున్నవారికి నేర్పడం మరొక ఎత్తు. ఇప్పుడు కొత్తగా చూపు పోయినవారికి నేను ఫోనులో నేర్పుతున్నాను. అవతలివారి కాగితం చప్పుడు వింటూ, వారి వేళ్ళు ఎక్కడ ఆగాయో ఊహిస్తూ మాట్లాడతాను. ఆ గంటలో మా మధ్య జాలికి చోటుండదు.

ఇప్పుడు మీ కాగితం తీసుకుని కళ్ళు మూసుకోండి. ఒక మూల మీ వైపు ఉండేలా పెట్టి, దాన్ని ఎదుటి మూలమీదకు చేర్చి మడవండి. పొడవైన అంచు మీ వైపున్న త్రిభుజం వస్తుంది. పై పొర ఎడమ వాలు అంచును ఆ పొడవైన అంచుమీదకు దించండి. మడత కుడి వాలు అంచును తాకే చోట మాత్రం గోటితో నొక్కి, తిరిగి విప్పేయండి. రెండు పొరలనూ కలిపి ఎడమ మూలను ఆ గోటి గుర్తు దగ్గరకు తెచ్చి మడవండి. ఎడమ అంచున కొత్తగా ఒక మూల ఏర్పడింది, తడిమి చూడండి; కుడి మూలను అక్కడికి చేర్చండి. పైన రెండు రేకులు మిగిలాయి: ఒకదాన్ని ముందుకు, ఒకదాన్ని వెనక్కు వంచి, మధ్యలో వేలు పెట్టి తెరవండి.

ఇది గిన్నె. మా మేనకోడలికి నా చేత్తో నేను మంచినీళ్ళు ఇచ్చింది ఇందులోనే. కాగితం నానేలోగా తాగేయాలి. సెలవు.